ఊరి చీపురులో మా ఇంటి ఈనె

మందసలో నేను చూసినది ఊళ్లో చెప్పలేదు. అడిగిన మనిషికీ చెప్పలేదు. చెప్పివుంటే ఏం జరిగేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా వైపు రైలు వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. ఆ ఏడు ఉద్దానంలో మా ఊరి కొబ్బరికి పిందె నిలవలేదు. పొద్దున్నే తోటలోకి వెళితే రాలిన పచ్చి పిందెలు కాళ్లకు తగిలేవి. మా వీధి చివరింట్లో ఒక వితంతువు ఉండేది, నాకు వరసకు అప్ప, అంటే అక్క. పిల్లలు లేరు. రోజూ తోటల మధ్య దారినే నూతికి వెళ్లేది, వెళుతూ చెట్ల వైపు తలెత్తి చూసేది. ఆ చూపే తగిలిందని ముందు ఎవరన్నారో గుర్తులేదు. కొద్ది రోజుల్లోనే అది అందరికీ తెలిసిన సంగతి అయిపోయింది. నాకూ.

అప్పుడే పెళ్లి మాటలకు మందస వెళ్లాను. కాబోయే మామగారి తోటలోనూ పిందెలు అలాగే రాలి ఉన్నాయి. ఆయన ఒకదాన్ని కాలితో తోసి, వానలు లేకపోతే ఇంతేనని వేరే మాటలోకి వెళ్లిపోయారు. మా అప్ప మందస ఎన్నడూ వెళ్లి ఎరగదు. అయినా తిరుగుదారిలో నాకు తోచినదేమిటంటే, మందసలోనూ అలాంటి ఆడది ఒకతె ఉండి ఉంటుందని. అప్పుడది తెలివైన ఆలోచనలాగే ఉంది.

ఊళ్లోకి రాగానే అప్పే ఎదురైంది.

“మందస ఎల్లొచ్చినావంట గదా తమ్ముడా. అక్కడ సెట్లు ఎలగున్నాయి?”

బాగున్నాయని చెప్పి తప్పుకున్నాను.

అప్పను ఊళ్లోంచి వెళ్లగొట్టాలని పెద్దలు తీర్మానించారు. అలాంటి తీర్మానాలకు మాకో ఆనవాయితీ ఉండేది. ఒప్పుకున్న ఇళ్లవాళ్లు తలో కొబ్బరి ఈనె అమ్మవారి గుడి ముందు వేయాలి. అన్నీ కలిపి చీపురు కట్టి, వెళ్లగొట్టవలసిన వారి గుమ్మానికి వేలాడదీస్తారు. ఈనె వేయని ఇంటికి ఆ ఏడు తోటపనికి ఎవరూ రారు. నాన్న మంచాన పడి ఉన్నాడు, అందుకని మా ఇంటి ఈనె నా చేతికొచ్చింది. వేయకుండా నిలబడిపోయాను. వెనక పెదనాన్న ఉన్నాడు.

“ఏటిరా ఆలోసిత్తన్నావు? ఊరందరిదీ ఒక మాటైతే నీదేటి, ఏరే మాటా?”

మందస మావ చెవిలో ఏదో ఊదాడని ఎవరో అంటే అందరూ నవ్వారు. వేసేశాను. భయపడి వేశానా, నమ్మి వేశానా? ఒక్కో రోజు ఒక్కోలా తోస్తుంది. రెండూ కాదేమో, ఆ నవ్వు ఆగితే చాలనుకున్నానేమో.

మర్నాడు ఆమె మూట నెత్తిన పెట్టుకుని సుమ్మాదేవిలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. తరువాతి ఏడు వానలు పడ్డాయి, కాపు నిలిచింది. ఆమె పోయినందుకేనన్నారు. నేనూ తలూపాను. మామగారి తోట కూడా కాసిందని తెలిసే తలూపాను.

ఇన్నేళ్లకు మొన్న సుమ్మాదేవి వెళ్లాను. ఆమె చేట పట్టుకుని గుమ్మంలోంచి ఎదురొచ్చింది. బాగా ముసలిదైపోయింది. నా కాలు దానంతటదే ఆగింది. అది ఆమె చూడనే చూసింది. వాకిట్లో కూర్చుని మందస సంగతి మొత్తం చెప్పాను. విని, చేట కింద పెట్టింది.

“అయితే ఇప్పుడు నమ్మవా తమ్ముడా? మరి కాలెందుకాగింది?”

 

“తెలీదప్పా. నువ్వడిగిన రోజున సూసింది సూసినట్టు సెప్పాల్సింది. సెప్పనేదు. తప్పు నాదే, నన్ను మన్నించు.”