దీపం పెట్టాక పాచి ఇవ్వరు

ఆ రోజుల్లో, అంటే చదువు పూర్తయి ఉద్యోగం ఇంకా దొరకని ఆ ఏడాదిలో, కంటబడిన ప్రతిదీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని నాకు ఒకటే తహతహగా ఉండేది. మనుషులను అడిగే ధైర్యం లేదు కాబట్టి పుస్తకాలను అడిగేదాన్ని. పుస్తకాలతో ఒక సుఖం ఉంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోవు, 'సంబంధాలు చూస్తున్నారా' అని ఎదురు ప్రశ్న వేయవు. అలా చదువుతూ చదువుతూ ఒక మధ్యాహ్నం ఆక్వాపోనిక్స్ దగ్గర ఆగిపోయాను. కింద తొట్టిలో చేపలు, పైన గులకరాళ్ళ మధ్య మొక్కలు. చేపల మురికి కలిసిన నీళ్ళను ఒక చిన్న పంపు పైకి తోస్తుంది. రాళ్ళను అంటిపెట్టుకున్న పాచిలో కంటికి కనిపించని ప్రాణులుంటాయి, అవి ఆ మురికిని ఎరువుగా మారుస్తాయి. మొక్కలు ఎరువు తీసుకుని, నీళ్ళను శుభ్రం చేసి మళ్ళీ చేపలకు పంపిస్తాయి. ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా ఒకరి అవసరం ఒకరు తీర్చుకునే సంసారం. నాలాంటి దానికి అంతకన్నా నచ్చే ఏర్పాటు ఇంకేముంటుంది?

చెన్నై కోడంబాక్కంలో మేముండేది మా అవ్వ ఇంట్లో. పెరడు అనగానే పెద్దగా ఊహించుకోకండి. బట్టలుతికే రాయి, ఒక కరివేపాకు చెట్టు, ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు వెనక్కి నడవాల్సినంత చోటు. నాన్న ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును రెండుగా కోయించి తెచ్చి, ఒక సగంలో నీళ్ళు నింపి, రెండో సగాన్ని ఇటుకల మీద ఎత్తుగా పెట్టారు. (నా ఆలోచన అర్థమై కాదు. నేను గదిలోంచి బయటికొచ్చానన్న సంతోషంతో.) గుడ్డు కూడా గడప దాటని ఇల్లు మాది, కాబట్టి తినే చేపల ఊసు లేదు. రంగు చేపలమ్మే అంగళ్ళుండే కొళత్తూరు వెళ్ళి వేలెడంత బంగారు చేపలు తెచ్చుకున్నాం. పైన పాలకూర నాటాను. అవ్వ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, పుస్తకంలో ఎక్కడా జవాబు లేని ప్రశ్న వేసింది.

“ఏమ్మే, చేపల నీళ్ళు తాగి పెరిగిన ఆకు శాకమా, మాంసమా? ముందు నాకది చెప్పు.”

తామరపువ్వు కూడా చేపల మధ్యనే పెరుగుతుంది, అది దేవుడికి పెట్టడం లేదా అని నాన్న నా తరఫున వాదించారు. “తామరపువ్వుని పప్పులో ఏసుకోని తింటామా రా?” అంది అవ్వ. ఆ వ్యాజ్యం అక్కడే వాయిదా పడింది. పెంచుకుంటే పెంచుకో, తినమని మాత్రం నన్ను అడగొద్దు అన్నది మధ్యంతర తీర్పు. అలా అన్న మనిషే పొద్దున కాఫీ గ్లాసుతో తొట్టి పక్కన కూర్చుని, చేపలు నోళ్ళు తెరవడం చూస్తూ, “తింటానే ఉంటాయే ఇవి, మీ తాత మాదిరి” అనుకునేది.

అసలు పని రాళ్ళకు పాచి పట్టడం. దానికి ఓపిక కావాలని, తొందరపడితే లాభం లేదని పుస్తకం చెప్పింది. రోజూ పొద్దున్నే వెళ్ళి రాళ్ళను వేలితో నిమిరి చూసేదాన్ని. చివరికి ఒకరోజు వేలికి జారుడుగా తగిలింది. పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినప్పుడు కూడా డైరీలో అంత పెద్ద అక్షరాలతో రాసుకోలేదు. పసుపుబారిన పాలకూర మెల్లగా తేరుకుని ఆకుపచ్చగా నిలబడింది. అంతా కుదురుకుంది అనుకుంటుండగా ఒక గురువారం నేను ఇంటర్వ్యూకి వెళ్ళాను. (ఉద్యోగం రాలేదు, ఆ కథ ఇందులోకి తేను.)

మా ఇంట్లో గురువారం కడుగుడు రోజు. శుక్రవారం లక్ష్మి వచ్చేటప్పటికి గడప నుంచి గరిటె దాకా తళతళలాడాలి. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి పీకేసిన పాలకూర ఒక బకెట్లో తలలు వేలాడేసి ఉంది. నా గులకరాళ్ళన్నీ మేడ మీద పాత చీర పరిచి ఎండబోసి ఉన్నాయి.

“పాచి పట్టిన రాళ్ళు పెట్టుకోని రేపు దీపం ఎట్లా పెట్టేది? కుంకుడుకాయ రసంతో ఒక్కోటీ రుద్దినా. చూడు, ముత్యాల మాదిరి ఉండాయి” అంది అవ్వ. మోకాళ్ళ నొప్పితో ఉన్న మనిషి మధ్యాహ్నమంతా కూర్చుని నా కోసం చేసిన పని అది. కోటానుకోట్ల ప్రాణులు పోయాయని ఆ ముఖం చూసి ఎలా చెప్పడం? “బాగున్నాయవ్వా” అన్నాను.

మర్నాడు సాయంత్రానికి చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, ఈసారి తిండి కోసం కాదు. మార్చేవాళ్ళు లేక మురికి అలాగే నిలిచిపోయి, ఆ నీళ్ళే వాటికి విషమయ్యాయి. నీళ్ళు మారుద్దామంటే సంపులో ఉన్నది ఘాటుగా క్లోరిన్ మందు వాసన కొట్టే మెట్రో కుళాయి నీళ్ళు, బోరులో ఉన్నది ఉప్పు. ముందే పట్టి తేర్చి ఉంచిన బకెట్ నీళ్ళు పోశాను, చాలలేదు. పాత చేపల తొట్టి ఏదైనా ఉంటే అందులోని పాచి కొంచెం తెచ్చి కలపమంది పుస్తకం, పెరుగుకి తోడు తెచ్చుకున్నట్టే. పాత తొట్టి మా వీధిలో ఒక్కరింట్లోనే ఉంది, డబ్బింగ్ ఆంటీ ఇంట్లో.

ఆవిడది మా పక్కిల్లే. ఎప్పుడో విజయవాడ నుంచి వచ్చి సీరియళ్ళలో కథానాయికలకు గొంతు ఇస్తూ స్థిరపడ్డారు. గోడకు ఇవతల నుంచి ఆవిడ ఏడుపులు, శపథాలు, అత్తగారిని నిలదీయడాలు అన్నీ నాకు కంఠతా వచ్చు. ఆవిడతో మాట్లాడింది మాత్రం ఎన్నడూ లేదు. డైరీ తెరిచి అడగాల్సిన వాక్యం రాసుకున్నాను. 'ఆంటీ, మీ తొట్టిలో మురికి కొంచెం ఇస్తారా?' కొట్టేశాను. 'మీ ఇంట్లో మురికి ఉందని విన్నాను.' అదీ కొట్టేశాను. పెరట్లోంచి చేపలు నీటి పైన గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది. బకెట్ పట్టుకుని బయల్దేరాను.

ఆంటీ తలుపు తీసి, “ఎవరూ, పక్కింటి అమ్మాయివా? బకెట్టేంటమ్మా?” అన్నారు, మహారాణులు మాట్లాడే గొంతుతో. రాసుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. పాచి, అన్నాను. ఎందుకని అడిగారు. ఇక అక్కడి నుంచి నాకే తెలియకుండా మొదలుపెట్టాను. మురికి ఎరువయ్యే సంగతి, కనపడని ప్రాణులు ఇల్లు పచ్చగా ఉంచే సంగతి, అవి లేకపోతే చేప బతకని సంగతి. జన్మలో అంతసేపు ఒక మనిషితో మాట్లాడి ఎరుగను. ఆంటీ చెంపకు చెయ్యి చేర్చి, రెప్ప వేయకుండా విన్నారు.

“ఎంత బాగా చెప్పావమ్మా. ఇన్నేళ్ళూ తొట్టి ఫిల్టర్లో స్పాంజిని పిండేసి ఆ నీళ్ళు డ్రైనేజీలో పోస్తున్నా. అయితే ఇప్పుడివ్వను. దీపం పెట్టేశాగా.”

“మురికే కదా ఆంటీ” అన్నాను నీరసంగా.

“మురికి అనుకున్నంతసేపూ ఇచ్చేదాన్నే. నువ్వేగా ఇల్లు పచ్చగా ఉంచేది అదేనన్నావు? శుక్రవారం దీపాలయ్యాక పెరుగు తోడే ఇవ్వను, దాన్ని గడప దాటిస్తానా? రేపు పొద్దున రా, చెంబు నిండా ఇస్తా.”

రేపు పొద్దుటికి చేపలుండవు. నా మాట మొదటిసారి ఒకరి మనసుకి ఎక్కింది, ఎక్కి కొంప ముంచింది. ఏడుపు ఆపుకుంటూ వెనక్కి తిరిగేసరికి గేటు దగ్గర అవ్వ. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో.

“ఒట్టి పాచి తల్లీ అది. నేను నిన్ననే కడిగి పారబోసినా” అంది అవ్వ.

“అందుకే కదండీ ఈ అవస్థ” అన్నారు ఆంటీ.

అవ్వ నా ముఖంలోకి చూసింది. ముత్యాలు బాగున్నాయని నేను చెప్పిన అబద్ధం ఆవిడకు అప్పుడు అర్థమైనట్టుంది. కొంగు సర్దుకుంది. తర్వాత, ఆ శాస్త్రంలో తనకంటే పెద్ద వకీలు లేరన్నట్టు గొంతు సవరించుకుంది.

“సరి. ఇచ్చేదానికి లేదు. వచ్చేదానికి ఉంది కదా? శుక్రవారం పూట ఇంటికి వచ్చినోళ్ళని పొమ్మంటావా నువ్వు?”

ఆంటీ చేతులు రెండూ జోడించి, “ఎంతమాట, రమ్మనండి” అన్నారు.

అలా నా చేపలు అతిథులుగా బయల్దేరాయి. బకెట్ ఒక పక్క నేను, ఒక పక్క అవ్వ. గుమ్మంలో ఆంటీ బకెట్ అంచుకు కుంకుమ బొట్టు పెట్టారు. (ప్లాస్టిక్ మీద అది నిలవలేదు, మళ్ళీ పెట్టారు.) ఆవిడ తొట్టి నీళ్ళు చెంబుతో కొంచెం కొంచెంగా బకెట్లో కలిపి, తర్వాత చేపలను మెల్లగా వదిలాం. ముగ్గురం నేల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాం. ఒకటొకటిగా అవి నోళ్ళు మూసుకుని అడుగుకు దిగాయి. అప్పుడు గానీ ఎవరూ కాఫీ ముట్టలేదు.

శనివారం పొద్దున ఆంటీ ఇత్తడి చెంబు మీద మూత పెట్టి పాచి నీళ్ళు తెచ్చారు. అవ్వ రెండు చేతులా అందుకుని తనే రాళ్ళ మీద పోసింది. ఆ రోజు నుంచి ఆ రాళ్ళు మడి. పైపు సరిచేయాలన్నా నాన్న అవ్వ అనుమతి తీసుకోవాల్సిందే. గురువారం పెరడంతా కడిగినా ఆ డ్రమ్ము చుట్టూ ఒక జానెడు మేర నీటి చుక్క పడదు. రాళ్ళు కుదురుకున్నాక చేపలు తిరిగొచ్చాయి, ఒకటి తప్ప. దాన్ని పంపడానికి ఆంటీకి మనసు రాలేదు. గోడ అవతల శపథాలకూ ఏడుపులకూ మధ్య దాన్ని బుజ్జగించే మాటలు వినిపిస్తుంటాయి. మొదటి పాలకూర కట్టను అవ్వ ఆంటీకి పంపింది. ఆంటీ దాన్ని పప్పు చేసి గిన్నెతో తిరిగి పంపారు. అవ్వ అన్నంలో కలుపుకుని తినేసింది. శాకమా మాంసమా అని నాన్న అడిగితే, “ఇది వాళ్ళింటి పప్పు రా” అంది.

ఇప్పుడు నాకు ఉద్యోగముంది, రోజూ నలుగురితో మాట్లాడక తప్పదు. అయినా ఫోన్ చేసేముందు వాక్యం డైరీలో రాసుకునే అలవాటు పోలేదు, కొట్టివేతలు మాత్రం కొన్ని తగ్గాయి. శుక్రవారాలు ఆఫీసు నుంచి వస్తూ, చేపను చూసే నెపంతో ఆంటీ ఇంట్లో కూర్చుంటాను. అక్కడి నుంచి గేటు కనిపిస్తుంది. ఖాళీ బకెట్ పట్టుకుని, నోట్లో మాట కూడబలుక్కుంటూ అక్కడ నిలబడ్డ ఆనాటి పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. లేచి వెళ్ళి, ఆ బకెట్‌కు రెండో పక్క పట్టుకోవాలనిపిస్తుంది.