రెండు చోట్ల వెతికిన పులస

కాకినాడలో వీధికో ఇంటర్నెట్ సెంటర్ వెలిసిన రోజులవి. ఏ సమాచారాన్ని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో మా కాలేజీ పిల్లలకు నేర్పడానికి వారానికో పీరియడ్ ఇమ్మని ప్రిన్సిపాల్‌గారి ప్రాణం తోడేశాను. ఒక్క క్లాసు చూసి, పనికొస్తేనే ఉంచుతానన్నారాయన. అన్నట్టే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నా గుండె చప్పుడు పోర్టులో ఓడలకు కూడా వినిపించి ఉంటుంది.

పులస చేప సముద్రం నుంచి గోదావరిలోకి ఎందుకు ఎదురీదుతుందో రెండు వేర్వేరు చోట్ల వెతికి రమ్మని పిల్లలకు ముందే చెప్పాను. ముందు బెంచీ కుర్రాడు లేచి రెండు కాగితాలను జెండాల్లా ఎత్తాడు. చూస్తే రెండింట్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే పేజీ!

"రెండు చోట్ల అన్నాను కదయ్యా?"

"రెండు చోట్లేనండి! ఒకటి మెయిన్ రోడ్డు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించానండి, రెండోది బస్టాండు దగ్గరండి. ఆటోలో వెళ్ళొచ్చానండి!"

క్లాసంతా మెచ్చుకోలుగా తలూపింది. ఘోరం ఏమిటంటే, ప్రిన్సిపాల్‌గారు కూడా ఊపారు. "రెండూ ఒకటే చెబుతున్నాయంటే నిజమే అయ్యుంటుంది కదండీ మాస్టారూ!"

నా పీరియడ్ గోదాట్లో కలిసిపోయిందనుకున్నాను. ఇంతలో ఒక అమ్మాయి లేచి, "అదేంటండీ! ఒకే పుకారు మా పిన్నీ చెప్పి, మా అత్తా చెబితే నిజమైపోద్దా అండి? ఇద్దరికీ చెప్పింది మా పక్కింటావిడేనండి!" అంది.

నవ్వులకు పైకప్పు మూరెడు లేచింది. అందరికంటే గట్టిగా నవ్విన ప్రిన్సిపాల్‌గారు కళ్ళు తుడుచుకుని, "వారానికి రెండు పీరియడ్లు తీసుకోండి మాస్టారూ. మా ఇంట్లోవాళ్ళని కూడా పంపిస్తాను" అన్నారు.