పక్క చేలోకే

నిన్న మండపేట రోడ్డు మీద బాతుల మంద అడ్డం రావడంతో మా బస్సు ఆగింది. కిటికీలోంచి తడి ఈకల వాసన గుప్పుమంది.

నేను మూడో తరగతిలో ఉండగా, తొలి మనుషులు తిండి వెతుక్కుంటూ ఆఫ్రికా నుంచి నడిచి లోకమంతా చేరారని టీచరుగారు చెప్పారు. ఆ సాయంత్రమే కోతలైన మా చేలోకి బాతులవాళ్ళు దిగారు. రాలిన గింజల కోసం మందను తోలుకుంటూ ఊరూరా తిరిగేవాళ్ళు. ఆఫ్రికాలో బయలుదేరి ఇంకా చేరనివాళ్ళు వీళ్ళేనని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

వాళ్ళలో పొయ్యి రాజేస్తున్న ఒకావిడ ఒళ్ళో పసిబిడ్డ ఆగకుండా దగ్గుతోంది.

"ఇంకా ఎంత దూరం వెళ్ళాలండీ?" అని ఆవిడని అడిగాను.

"దూరమేంటమ్మా? ఇక్కడ గింజలైపోతే పక్క చేలోకే," అంది.

రెండ్రోజుల తర్వాత పొద్దున్నే వెళ్తే వాళ్ళు లేరు. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. గట్టు పక్కన చిన్న మట్టిదిబ్బ, దాని మీద ఒక బాతుగుడ్డు. ఏదో విత్తనం నాటి వెళ్ళారనుకుని, మొలుస్తుందని చాలా రోజులు నీళ్ళు పోశాను.

అది విత్తనం కాదని పెద్దయ్యాక గానీ తెలియలేదు.

బస్సు కదిలింది. పక్క చేలోకే, పక్క చేలోకే అనుకుంటూ లోకం చివరిదాకా నడిచినవాళ్ళు, ఏ గట్టు పక్కన ఎవరిని పడుకోబెట్టి వెళ్ళారో.