విమానం పొట్టకు అంటించిన టేపు

మొన్న శుక్రవారం మా వంటక్క గోదావరి జిల్లా నుంచి వీడియో కాల్ చేసింది. కువైట్‌లో ఒకే ఇంట్లో తొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం, ఆమె వంటింట్లో, నేను బండి మీద. పోయిన చలికాలంలో ఆమె పూర్తిగా ఇంటికి వెళ్లిపోయింది. పెరట్లో కాసిన దొండకాయలు చూపిస్తానని ఫోను అటు తిప్పింది. తిప్పగానే బొమ్మ ముక్కలు ముక్కలై, ఆకుపచ్చ గళ్లు కొన్ని, ఆమె చెవి కొంత కనిపించి నిలిచిపోయింది. "బొమ్మ ఆగిపోయిందక్కా" అన్నాను. అవతల నుంచి మాట మాత్రం వచ్చింది. "మళ్లీ ఎక్కడన్నా టేపు అంటించేవేటి తమ్ముడూ?" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న కొత్త వంటమనిషి మా ఇద్దరికీ ఏమైందో అన్నట్టు చూసింది. ఆమెకు వివరం చెప్పలేదు గానీ మీకు చెబుతాను.

మాది రాయచోటి. ఊళ్లో నేను చేసింది కేబుల్ టీవీ పని. అదేదో పెద్ద విద్య అనుకునేరు. స్తంభాలెక్కి వైరు లాగడం, తెగినచోట ఒలిచి మెలిపెట్టడం, మిద్దె మీద డిష్షును అటూ ఇటూ తిప్పుతూ "వచ్చిందా? వచ్చిందా?" అని కేకలు వేయడం, అంతే. కింద నుంచి "వచ్చె, వచ్చె... పాయె!" అంటే మళ్లీ తిప్పడం. ఆ పెట్టెల లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఎన్నడూ అనిపించలేదు. తర్వాత ఇంటికొక చిన్న డిష్షు వచ్చింది, ఆపైన అందరూ అన్నీ ఫోనులోనే చూసుకోసాగారు, మా వైర్ల మీద జనం బట్టలు ఆరేసుకున్నారు. అప్పుడు డ్రైవరు వీసా మీద ఇక్కడికొచ్చాను. మొదటిరోజు మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో అందరం బాబా అనే పెద్దమనిషి, ఇంతకుముందు ఏం చేసేవాడివని అడిగాడు. "టీవీ, కెమెరా, వైర్‌లెస్ అన్నీ తెలుసు బాబా, మెకానిక్‌ని" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాదు. కొందరికి నోరు ఊరుకోదు. ఆ మాటకు బాబా మొహం వెలిగిపోవడం చూసి, మాట బాగానే పనిచేసిందని సంబరపడ్డాను గానీ, ఆయన గబగబా లోపలికి వెళ్లి రెండు చేతులతో ఒక విమానాన్ని మోసుకొస్తాడని నేనేం కలగన్నానా?

థర్మోకోల్ లాంటి తేలికైన దానితో చేసిన విమానం అది. రెక్కలు చాపితే నా రెండు చేతుల బారు. ముక్కు దగ్గర చొక్కా గుండీ అంత కెమెరా. దాని వెనక పొట్టలో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి, కెమెరా చూసిందాన్ని గాలిలోకి పంపేది అదే. కింద బాబా నల్లటి పెద్ద కళ్లద్దాలు తగిలించుకుని కుర్చీలో కూర్చుంటే, విమానంలో తానే కూర్చున్నట్టు పైనుంచి అంతా కనిపిస్తుంది. సర్కారు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మోకాళ్ల నొప్పులతో మగవాళ్లు కూర్చునే దీవానియా గదిలో కార్పెట్ మీద నుంచి లేవడానికే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. శుక్రవారం వచ్చిందంటే మాత్రం పొద్దున్నే తయారైపోయేవాడు. వఫ్రా తోటలు మొదలయ్యే చోట రోడ్డు దిగి ఇసుకలోకి పోతే ఎవరూ లేని చదునైన జాగా ఉంది. బాబా, ఆయన స్నేహితులు ముగ్గురు నలుగురు, గహ్వా కాఫీ ఫ్లాస్కులూ అన్నం గిన్నెలతో వంటక్క, విమానంతో నేను. ఆ చలికాలమంతా బొమ్మ అద్దంలా వచ్చింది. నేను చేసిందేమీ లేకపోయినా, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని తిరిగినందుకు నన్ను ముహందిస్, అంటే ఇంజనీరు, అని పిలిచేవారు. ఆ పిలుపుకు నేను తల కూడా వంచేవాణ్ని.

ఎండలు మొదలై, దుమ్ము గాలులు లేచాక కథ మారింది. కువైట్ దుమ్ము గురించి ఇక్కడ బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మూసిన బీరువాలో మడిచిన బట్టల్లోకి కూడా దూరుతుంది. విమానం పొట్టకు రెండు వైపులా వేలు పట్టేంత సందులున్నాయి. వాటిలోంచి ఇసుక పోయి డబ్బా పాడైతే నా మీదికి వస్తుందని భయపడి, లోపల స్పాంజి ముక్కలు కుక్కి, పైన గోధుమరంగు ప్యాకింగ్ టేపు నాలుగు వరసలు అంటించాను. నా కొడుకును కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ దుప్పట్లో చుట్టలేదు. ఆ వారమే బొమ్మ పోయింది. విమానం లేచిన కాసేపటికి బాబా కళ్లద్దాల్లో మొదట గీతలు, తర్వాత మంచులాంటి చుక్కలు, తర్వాత నలుపు. కళ్లద్దాలు తీసి ఆకాశంలో చుక్కను వెతుక్కుంటూ, ప్రాణం అరచేతిలో పెట్టుకుని దింపాడు. ఒక రెక్క విరిగింది. నేను అతికించాను, అది మాత్రం నాకు బాగా వచ్చు.

అక్కడి నుంచి నా పాట్లు చూడాలి. ఇంటికి తెచ్చి, దీవానియాలో ఏసీ కింద టేపు ఊడదీసి, స్పాంజి లాగేసి పరీక్ష చేస్తే బొమ్మ బ్రహ్మాండంగా వచ్చేది. గోడ మీది గడియారంలో ముల్లు కూడా కనిపించేది. బాగైందని సంతోషించి, మళ్లీ గట్టిగా మూసి టేపేసి తీసుకుపోతే అక్కడ మళ్లీ నలుపు. వైరు మార్చాను, యాంటెన్నా మార్చాను, బ్యాటరీ మార్చాను. బండి పైకెక్కి యాంటెన్నా చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ "వచ్చిందా బాబా?" అని అరిచాను, పాత అలవాటు. మహబూలాలో మా వాళ్ల రూముకు పోయి సలహా అడిగితే, క్రేను నడిపే జగిత్యాల తమ్ముడు గంభీరంగా ఆలోచించి "గా పెద్ద కరెంటు లైన్ దగ్గర ఎగిరేస్తున్నరేమో చూడన్నా" అన్నాడు. సరేనని ఆ లైనుకు చాలా దూరం జరిగాం. ఏమీ మారలేదు. నాలుగు శుక్రవారాలు ఇట్లాగే గడిచాయి. విప్పితే బాగుండి మూస్తే చెడే వస్తువును చేతిలో పెట్టుకుని, నాలుగు వారాలు నాకు ఆ ముక్క తట్టలేదంటే నా మెకానిక్ తనం ఎంతటిదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇంతలో నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, గడువు దగ్గరపడింది. ఆ నెలాఖరుతో అయిపోతుంది. బాబా రెన్యూ చేయిస్తే ఉంటాను, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. బాబా భార్యకు, మేం మామా అని పిలిచే యజమానురాలికి, నా మీద అప్పటికే నమ్మకం పోయింది. ఒక మంగళవారం చాయ్ వేళ, నేనూ వంటక్కా అక్కడుండగానే, "ఇతను మెకానిక్ కాదు, ఏమీ కాదు. ఉన్నవాటిని పాడుచేస్తున్నాడు. ఖలాస్, పంపించేయండి" అంది. బాబా నా వంక చూడకుండా "ఈ శుక్రవారం చూద్దాం" అన్నాడు. రాయచోటికి తిరిగిపోతే నాకు చేతనైన పని ఆ ఊళ్లో మిగల్లేదు. పైగా పంపించేస్తున్నది బండి సరిగా నడపనందుకు కాదు, నేనాడిన అబద్ధానికి. ఇంట్లో అడిగితే ఏమని చెప్పాలి?

ఆ శుక్రవారం పదకొండుకే ఎండ దంచేస్తోంది. విమానం స్విచ్ వేసి ఇసుక మీద పెట్టాను. బాబా స్నేహితులకు ఒక మర్యాద ఉంది. ఎగరేసేముందు కళ్లద్దాల్లో బొమ్మ అందరూ ఒకసారి చూడాలి, కానీ ఎవరూ ముందు చూడరు. తఫద్దల్ అంటే తఫద్దల్, మీరు ముందంటే మీరు ముందు. ఒకరికొకరు కళ్లద్దాలు అందించుకుంటూ, మధ్యలో గహ్వా తాగుతూ, ఆరోగ్యాలు అడుగుతూ పావుగంట గడిపారు. చివరికి బాబా తగిలించుకునే సరికి, ఎగరకముందే బొమ్మ మాయమైంది. కళ్లద్దాలు ఒళ్లో పెట్టుకుని దూరంగా తోటల వైపు చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది. విమానాన్ని తెచ్చి వంటక్క చాప పక్కన నీడలో పెట్టి, నేనూ కూలబడ్డాను.

వంటక్క కోడి అన్నం గిన్నెలోంచి డబ్బాల్లోకి సర్దుతోంది. తోటల్లో పనిచేసేవాళ్లకు పంచడానికి ప్రతివారం అలా కట్టేది. చోటు చాల్లేదని విమానాన్ని పక్కకు జరపబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అయ్యబాబోయ్! ఇదేటి తమ్ముడూ, ఇలా కాలిపోతంది?"

"ఎండకక్కా."

"ఎండకైతే ఈపు కాలాలి గానీ పొట్టెందుకు కాల్తాది? నువ్వే సూడు."

చూశాను. పైన వెచ్చగా ఉంది, కింద టేపు వేసిన చోట చెయ్యి పెట్టలేకపోయాను. ఆమె ఇంకా మూతలు పెట్టని అన్నం డబ్బాలు చూపించింది. "ఏడేడి అన్నం ఎట్టి మూత బిగించేత్తే ఏటవుద్ది? సెమట పట్టి పాసిపోద్ది. అందుకే కదా ఆరబెడతన్నాను. దీన్నెవడు ఇలా మూసేడు?"

"నేనేనక్కా. ఇసుక పోతాందని."

"ఊపిరాడొద్దేటి దానికి?" అంటూనే గోళ్లతో టేపు పరపరా పీకేసింది. స్పాంజి ముక్కలు నేను లాగాను. అప్పుడర్థమైంది నాకు, ఆ సందులు గాలి కోసం పెట్టినవని, వేడెక్కితే డబ్బా తనంతట తానే ఆగిపోతోందని. నీడలో చల్లారనిచ్చి, పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని, ముందు గహ్వా తాగడం అయిపోనివ్వమనీ, ఎగరేసే నిమిషంలోనే స్విచ్ వేస్తాననీ బతిమాలాను. వాళ్లు విడ్డూరంగా చూశారు గానీ ఒప్పుకున్నారు.

విమానం లేచింది. నేను బాబా పెదవుల వంకే చూస్తున్నాను. ఒక నిమిషం, రెండు, అయిదు. ఆయన మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. కూర్చున్న చోటు నుంచే చెప్పసాగాడు, అదిగో గొర్రెలు, అదిగో టమాటా తోట, అదిగో నీళ్ల ట్యాంకు పక్కన ఎవరో చెయ్యి ఊపుతున్నారు అని. మోకాళ్లు లేని మనిషిలా బతుకుతున్న ఆయన ఆ కాసేపు వఫ్రా అంతా తిరిగొచ్చాడు. మళ్లీ ఎగరేసినప్పుడు వంటక్కను పిలిచి కళ్లద్దాలు ఇచ్చాడు. ఆమె రెండు చేతులతో వాటిని పట్టుకుని "ఆ నల్ల సుక్క నేనేనా?" అని అడిగి, అవునంటే పైకి చూసి చెయ్యి ఊపింది. ఎవరు బాగుచేశారని బాబా అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆమె నా వైపు వేలు చూపించి "డ్రైవర్, డ్రైవర్" అనేసింది. అందరూ నా భుజం తట్టారు. తట్టించుకున్నాను.

తిరుగు దారిలో వంటక్క వెనక సీట్లో ఖాళీ గిన్నెల మధ్య నిద్రపోయింది. మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. ఆమె తల అద్దానికి ఆని ఊగుతుంటే, ఆ మెప్పు నాకు ఇక మింగుడు పడలేదు. "బాబా, బాగుచేసింది అక్క. పాడుచేసింది నేను. నేను మెకానిక్‌ని కాను, స్తంభాలెక్కి వైర్లు లాగేవాణ్ని" అన్నాను, వచ్చిన అరబ్బీ, రాని అరబ్బీ అంతా కలిపి. బాబా నా వైపు తిరిగి, "అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. "నాకు కావలసింది డ్రైవరు. మెకానిక్ అని నువ్వే అన్నావు, మెకానిక్ కావాలని నేను అడగలేదే" అని నవ్వి, పచ్చలైటు చూపించి "యల్లా" అన్నాడు. ఆదివారం పొద్దున్నే పిలిచి నా ఇఖామా రెన్యూ అయిపోయిందన్నాడు. శుక్ర, శనివారాలు సెలవు కదా, ఆఫీసులు తెరిచిన గంటకే ఎట్లా అయిందన్న అనుమానం నాకు రాలేదు. నిజం చెప్పాను, అల్లా కాపాడాడు అనుకున్నాను. తర్వాత ఎనిమిదేళ్లు ఆ సంగతి మహబూలా రూములోనూ, మా వంటింట్లోనూ కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నీతికథలా చెప్పాను.

వంటక్క వెళ్లిపోయిన వారానికి ఆమె గది ఖాళీ చేయిస్తూ మామా నాతో మాటల్లో పడింది. ఆమెలాంటి మనిషి మళ్లీ దొరకదు అంటూ, నీకు తెలుసా అని ఆ పాత సంగతి తీసింది. నన్ను పంపించేయాలనుకున్న ఆ వారం, బుధవారం పొద్దున వంటక్క వచ్చి మామా మంచం పక్కన నిలబడిందట. "డ్రైవరు పోతే నేనూ పోతాను మామా. అతను మంచోడు. చెయ్యి తిన్నగా ఉంది, నోరే కొంచెం పెద్దది" అందట. ఊళ్లో ఆమె పంపే జీతం మీద ఆనాడు అయిదుగురు బతుకుతున్నారు. నాకన్నా ఆమెకే ఆ ఉద్యోగం ఎక్కువ అవసరం. మామా ఎంత కోప్పడినా కదలలేదట. గురువారం మధ్యాహ్నానికే బాబా నా కాగితాల పని పూర్తి చేయించాడు. అంటే శుక్రవారం బొమ్మ వచ్చినా రాకపోయినా, సిగ్నల్ దగ్గర నేను నిజం చెప్పినా చెప్పకపోయినా, నేను ఉండిపోవడం అప్పటికే ఖాయమైంది. వంటింట్లో నా ఎదురుగా కూర్చుని నా నీతికథ ఎన్నోసార్లు విన్న మనిషి, ఒక్కసారి కూడా "అది కాదు తమ్ముడూ" అనలేదు.

ఇదంతా నాకు తెలిసిందని ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక ఇంతవరకూ చెప్పలేదు. ఎనిమిదేళ్లు ఆలస్యమైందని సిగ్గుపడుతుంటాను గానీ, ఆలోచిస్తే ఆ ఎనిమిదేళ్లలో నేను నడిపిన ప్రతి దారీ, తిన్న ప్రతి ముద్దా, ఇంటికి పోయి బిడ్డల మొహం చూసిన ప్రతి సెలవూ, ఆ బుధవారం పొద్దున ఆమె నిలబడిన ఆ నాలుగు నిమిషాల్లోంచే వచ్చాయి.