బంద్ రోజు కొలిచిన చప్పుడు

2011 జూన్‌లో నేను జగిత్యాల నుంచి సిరిసిల్లలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు బదిలీ మీద వచ్చాను. చెప్పేది ఫిజికల్ సైన్స్. సొంతూరు కోరుట్ల. తెలంగాణ ఉద్యమం వేడి మీదున్న రోజులు. ఒక పూట ధర్నా, ఒక పూట ర్యాలీ, మధ్యలో బంద్. బడి నడిచిన రోజే సిలబస్‌ను ఉరికించాలి. ఉరికించడంలో నన్ను మించినవాడు లేడని నా గర్వం. గంట మొదలవగానే బోర్డు వైపు తిరిగేవాణ్ణి. చెయ్యి రాస్తుంటే నోరు చెబుతూ ఉండేది, రెండూ ఆగేవి కావు. వెనక ఎవరైనా గుసగుసలాడితే మాత్రం గిరుక్కున తిరిగి నాలుగు తిట్టి, మళ్లీ బోర్డు మీద పడేవాణ్ణి. కోపం నాకు ముక్కు మీద ఉంటుంది. ఇప్పటికీ పోలేదు.

ఆ బడిలో ఒక కంప్యూటర్ ల్యాబ్ ఉంది. అయిదింటిలో మూడు కంప్యూటర్లు నడిచేవి. ఆ ఏడు మాకు ఒక శిక్షణ ఇచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలు తామే ఒక ప్రశ్న ఎంచుకోవాలి, తామే పనులు పంచుకోవాలి, కంప్యూటరో సెల్‌ఫోనో వాడి జవాబు వెతకాలి. దీనికి ప్రాజెక్ట్ వర్క్ అని పేరు. టీచరు పక్కన ఉండాలి, చెయ్యి పెట్టకూడదు. పక్కన ఉండి ఊరుకోవడం నా ఒంటికి పడే పని కాదు. అయినా ఆదేశం ఆదేశమే.

తరగతికి పెద్ద స్రవంతి అనే పిల్ల. మాట తూటా లాంటిది. మొదటి రోజే లేచి నిలబడింది.

"సార్, మా గల్లీల సాంచెల చప్పుడు ఎంతుంటదో కొలుస్తం."

సాంచెలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో ఏ గల్లీకి పోయినా అదే చప్పుడు.

"గది కొలుసుడేంది పిల్లా? సిరిసిల్లల పుట్టినోళ్లకు తెల్వదా?" అన్నాను.

"చప్పుడుంటదని తెలుసు సార్. ఎంతుంటదో తెల్వది."

సరే కానివ్వమన్నాను.

సంపత్ అనే పిల్లవాడికి వాళ్ల నాన్న దుబాయి నుంచి పంపిన ఫోను ఉంది. దానితో ఒక్కో షెడ్డుకు అయిదడుగుల దూరంలో నిలబడి ఒక నిమిషం చప్పుడు రికార్డు చేసేవారు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ ఆ చప్పుడును పైకీ కిందికీ ఊగే గీతగా చూపిస్తుంది. ఆ గీతను వేవ్‌ఫామ్ అంటారు. చప్పుడు పెద్దదైతే గీత ఎత్తుగా లేస్తుంది. ఇది అసలైన డెసిబెల్ లెక్క కాదు, దానికి వేరే మీటరు కావాలి. కానీ అదే ఫోను, అదే దూరం అయితే ఏది ఎక్కువో ఏది తక్కువో పోల్చుకోవచ్చు.

పోల్చడానికి సాంచెలు లేనప్పటి చప్పుడు కూడా కావాలి. మా భాషలో కంట్రోల్ రీడింగ్. సిరిసిల్లలో సాంచెలన్నీ ఒక్కసారే ఆగేది ఎప్పుడు? "బంద్ నాడు సార్!" అని అందరూ ఒక్కటే అరుపు. ఆ ఏడు బంద్ పిలుపు కోసం నాయకులకంటే ఎక్కువ ఎదురుచూసింది మా తొమ్మిదో తరగతే.

ఇక రజిత సంగతి. చివరి నుంచి రెండో బెంచీలో కూర్చునేది. హాజరు పిలిస్తే పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే గానీ పలికేది కాదు. ప్రశ్న అడిగితే నా ముఖంలోకి కళ్లార్పకుండా చూసేది. ఆ చూపు నాకు పొగరుగా కనిపించేది. జూలైలో వాళ్లమ్మను పిలిపించాను. పేరు లక్ష్మి. ముస్తాబాద్ దిక్కు పల్లె నుంచి పనికోసం వచ్చిన కుటుంబం. మొగుడు సాంచెల మీద, ఆమె కండెలు చుట్టే పనిలో. కండె అంటే సాంచెకు అందించే నూలు చుట్టిన చిన్న పుల్ల.

"అమ్మా, నీ బిడ్డకు సదువు మీద మనసు లేదు. పిలిస్తే పలుకది."

"ఇంట్ల గూడ గంతే సారూ. గింత పొగరు ఏడికెల్లి అచ్చిందో. దసరా దాక తోల్త. గప్పటికి మీరు మంచిగ సదువుతుందంటే సరే. లేకుంటె నాతోని కండెల కాడ కూసోవెడ్త."

"నీ ఇష్టం" అన్నాను. ఒక పిల్ల చదువు మీద ఆ రెండు మాటలు అనడానికి నాకు అరనిమిషం పట్టలేదు.

ఆగస్టులో పిల్లలు ప్రాజెక్టును ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయారు. సాంచెల చప్పుడులో మనిషికి ఏమేం వినపడకుండా పోతాయో చూడాలన్నారు. హెడ్‌ఫోన్లలో సాంచెల రికార్డింగు పెట్టి, దాని మీద సైకిలు బెల్లు, విజిలు, డప్పు, మాట ఒక్కొక్కటిగా కలిపి, చిన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం. వినపడగానే చెయ్యి లేపాలి. తరగతిలో అందరికీ ఈ పరీక్ష పెట్టి, అంకెలు ఎక్సెల్‌లో నింపి గ్రాఫ్ తీశారు. నేనూ చూశాను. అందరి చుక్కలూ ఒక దగ్గర గుమిగూడి ఉన్నాయి. ఒక్క చుక్క దూరంగా, మూలకు. అది రజితది.

"గా పిల్లది తీసెయ్యండ్రి. గది కావాలని చెయ్యి లేపలె. గ్రాఫ్ అంత ఖరాబైతుంది" అన్నాను.

"తియ్యం సార్" అంది స్రవంతి.

"ఏందీ?"

"మీరే చెప్పిండ్రు గద సార్, లెక్క నచ్చకుంటె మళ్ల కొలవాలె గని కొట్టెయ్యద్దని. గిది మా ప్రాజెక్ట్ గద సార్."

నలభైమంది ముందు నా మాట నాకే అప్పజెప్పింది. "కొలుసుకోండ్రి పో" అని విసురుగా బయటికి వచ్చాను.

కొద్ది రోజులకే బంద్ పిలుపు వచ్చింది. హెడ్‌మాస్టరుగారిని అడిగి ల్యాబ్ తాళంచెవి తీసుకున్నాను. ఆ పొద్దున సిరిసిల్ల మొదటిసారి నాకు వినపడింది. ఎవరింట్లోనో కుక్కరు విజిల్, దూరంగా ర్యాలీలో నినాదాలు, కాకులు. పిల్లలు గల్లీలు తిరిగి రికార్డింగులు తెచ్చుకున్నారు. తర్వాత రజితను కూర్చోబెట్టారు. ఈసారి సాంచెల చప్పుడు తీసేసి, ఒట్టి బెల్లు, ఒట్టి విజిలు పెట్టారు. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాను, చెయ్యి పెట్టకుండా.

అంతకుముందు వెనక నుంచి మౌస్ నొక్కిన సంపత్ ఈసారి ఆమె పక్కనే కూర్చున్నాడు. మొదటిసారి చెయ్యి సరిగ్గానే లేపింది. "సూసిండ్రా, నాటకం" అనబోయాను. కానీ స్రవంతి సంపత్‌ను చూసి, "అరే, నీ ఏలు దిక్కు సూస్తుందిరా గీమె. నువ్వు మౌస్ నొక్కంగనే చెయ్యి లేపుతుంది" అంది. రజితను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. డప్పుకు చెయ్యి లేపింది, ఆలస్యంగా. బెల్లుకు లేదు. విజిలుకు లేదు. స్క్రీన్ మీద విజిలు గీత నిలువునా లేచి ఉంది. సంపత్ హెడ్‌ఫోను తీసి తన చెవికి పెట్టుకుని, "అబ్బా!" అని దూరంగా పెట్టాడు.

స్రవంతి ఆమె వెనకాల నిలబడి, "రజితా, మీ అమ్మ అచ్చింది సూడు" అంది. రజిత కదలలేదు. అప్పుడు స్రవంతి ముందుకు వచ్చి ఎదురుగా నిలబడింది. పెదవులు మాత్రం కదిలించింది. గొంతు తీయలేదు. ఆమె అడిగిందేమిటో నాకు తెలియలేదు. రజిత జవాబు మాత్రం స్పష్టంగా వినపడింది.

"ఆకలైతలేదు. అటుకులు తిని అచ్చిన."

ఎవరూ నవ్వలేదు. స్రవంతి నా వైపు తిరిగింది. "సార్, గీమెకు ఇనపడ్తలేదు. మన నోరు సూసి చెప్తుంది."

సిగ్గుతో చచ్చిపోయాననే చెప్పాలి. శబ్దం పాఠం పన్నెండేళ్లుగా చెబుతున్న మనిషిని. కంపనం, పౌనఃపున్యం అని బోర్డు నిండా రాసిన మనిషిని.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. లక్ష్మి మొదట నమ్మలేదు.

"మా ఇంట్ల అందరం నోరు సూసే మాట్లాడుకుంటం సారూ. సాంచెల కాడ ఎంత అరిసినా ఇనపడది. మాకు గదే అలవాటు. గిది అందరికంటె జల్ది సమజ్ చేసుకుంటది, హుషారు పిల్ల అనుకున్న." అంతలోనే, "పిలిస్తే పలుకకపోతె మస్తు కొట్టిన సారూ" అని గుమ్మంలోనే కూలబడింది.

"నేను గూడ గంతే చేసిన అమ్మా. నేను నోటితోని కొట్టిన."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అన్న మాట నేను ఊహించనిది. "చెవులే లేకపాయె. ఇంక సదువెందుకు సారూ? కండెలకైతే చెవులు గావాల్నా?"

తెలుసుకోవడమే పిల్ల కొంప ముంచేలా ఉంది. నేను గొంతు పెంచాను, అలవాటు. "చెవులు లేకుండనే తొమ్మిది దాక అచ్చింది గదా! దసరా దాక అన్నవు. దసరా దాక ఆగు. నేను డాక్టరుకు సూపిస్త."

ఆమె సరే అంది. నమ్మకంతో కాదు, సారు మాట తీసెయ్యలేక.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడికి తాళం పడింది. మేమంతా దీక్షా శిబిరంలో కూర్చున్నాం. ఒక రోజు శిబిరంలో చెప్పి, తల్లీబిడ్డలను జగిత్యాలకు తీసుకుపోయాను. అక్కడ నాకు తెలిసిన చెవుల డాక్టరు ఒకాయన ఉన్నాడు. బస్సులు లేవు. వేములవాడ దాకా ఆటో, ఆపైన జీపు. బయల్దేరేముందు స్రవంతి వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. ఆ పిల్లలు తీసిన గ్రాఫ్.

డాక్టరు రజితకు ఆడియోగ్రామ్ తీశాడు. ఏ రకం శబ్దం ఎంత పెద్దగా ఉంటే చెవికి అందుతుందో చూపించే పటం అది. పిల్లల గ్రాఫ్‌ను దాని పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరు చేశారు మాస్టారూ?"

"పిల్లలే. నేను తీసెయ్యమన్న చుక్క అది."

సన్నని శబ్దాలు దాదాపు అందడం లేదని, మొద్దు శబ్దాలు కొంత అందుతున్నాయని చెప్పాడు. చిన్నప్పుడు చెవుల్లో చీము కారిందేమో అని అడిగితే లక్ష్మి అవునంది. ఇందులో సాంచెల చప్పుడు వాటా ఎంతో చెప్పలేనన్నాడు. చెవికి మిషన్ పెడితే చాలావరకు వినపడుతుందన్నాడు.

"సదువుకుంటదా సారూ?" అని అడిగింది లక్ష్మి.

"సగం మాటలతోనే ఇంతవరకు చదివిందమ్మా. మిగతా సగం ఇచ్చి చూడండి."

తిరుగు దారిలో వేములవాడలో జీపు దిగేటప్పుడు లక్ష్మి బిడ్డను పేరు పెట్టి పిలవలేదు. భుజం తట్టింది.

దసరా సమ్మెలోనే వెళ్లిపోయింది. ఆ తర్వాత మేం మళ్లీ బడికి వచ్చిన మొదటి రోజు, హాజరు పట్టీ తెరిచాను గానీ పిలవబుద్ధి కాలేదు. మొదటి బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంది. స్రవంతి దాని మీద తన సంచి పెట్టి ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. చివరికి మొదలుపెట్టి సగం పేర్లు పిలిచాక రజిత వచ్చి తలుపు దగ్గర నిలబడింది. వెనకాల వాళ్లమ్మ. నేను ఏమీ అనకముందే స్రవంతి సంచి తీసేసింది.

చెవి మిషన్ రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. కానీ ఈ జ్ఞాపకం మిషన్ గురించి కాదు. ఆ రోజు మధ్యాహ్నం రజితను పిలిచి, ఎదురుగా నిలబడి మెల్లగా అడిగాను.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలె బిడ్డా?"

"ఏమని చెప్పాలె సార్? అందరికి గంతే ఇనపడ్తదనుకున్న."

"తెల్వక తిట్టిన. మనసుల పెట్టుకోకు."

ఆమె కోపంగా ఏం లేదు. ప్రయోగంలో చూసింది చూసినట్టు చెప్పే పిల్లలా చెప్పింది.

"తిట్లు మంచిగనే సమజైతుండె సార్. తిట్టేటప్పుడు నా దిక్కు తిరుగుతుంటిరి. పాఠమే బోర్డు దిక్కు తిరిగి చెప్తుంటిరి."

జూన్ నుంచి నేను చెప్పినవాటిలో ఆ పిల్లకు అందినవి తిట్లు మాత్రమే.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా రాసేటప్పుడు మాట్లాడలేదు, మాట్లాడేటప్పుడు రాయలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, పిల్లల వైపు తిరిగి, అప్పుడు నోరు తెరిచేవాణ్ణి. సిలబస్ ప్రతి ఏడూ వెనకబడేది. తనిఖీకి వచ్చినవాళ్లు ఎందుకింత నిదానమని అడిగితే, ఇంతకుముందు చాలా వేగంగా చెప్పేవాణ్ణి సార్ అనేవాణ్ణి.