తాటిమొద్దులు పెట్టిన మలుపు

పాపని నిద్రపుచ్చి, ఇంకొక్కసారి దాని ఊపిరి విని, ఇది రాయడానికి కూర్చున్నాను. సాయంత్రం కంకిపాడులో అమ్మ దగ్గర్నుంచి కారులో విజయవాడ వస్తుంటే, కాలవ పక్కన రోడ్డు అంచున వేసిన ఇనుప రేకు ఒకచోట కాలవ వైపుకి బాగా వంగిపోయి కనిపించింది. ఏదో బండి గుద్దినట్టుంది. ఎంత నాసిరకం వేశారో చూడమన్నారు మా ఆయన. ఒకప్పుడైతే వాదించేదాన్ని. ఈసారి ఒళ్లో పడుకున్న పాప మీద చెయ్యి వేసుకున్నాను.

పెళ్లికి ముందు రెండేళ్లు విజయవాడలో రోడ్ల డిజైన్లు చేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేశాను. చేరిన వారంలోనే మా సార్ నన్ను కూర్చోబెట్టి, ఎక్కడో విదేశాల్లో తీసిన క్రాష్ టెస్టుల వీడియోలు చూపించారు. వాటికి శబ్దం ఉండేది కాదు. మనిషికి బదులు బొమ్మని కూర్చోబెట్టిన కారు నీళ్లలో తేలుతున్నట్టు నెమ్మదిగా వచ్చి రేకుని తాకేది. రేకు గాలికి పరదాలా వెనక్కి ఒదిగి, కారుని తనతో కొంతదూరం నడిపించి, తిరిగి రోడ్డు మీదే వదిలేది. పగిలిన అద్దం ముక్కలు తూర్పారబట్టిన ధాన్యంలా మెరుస్తూ వాలేవి. దెబ్బంతా రేకే వంగి తీసుకోవాలి, లోపలి మనిషికి మిగల్చకూడదు, మన పనంతా అదే అనేవారు సార్. ఆ రోజుల్లో కళ్లు మూసుకుంటే ఆ కార్లే కనిపించేవి.

కంకిపాడు అవతల ఒక ఊరి మలుపులో మా డిజైను ప్రకారం అలాంటి రేకు బిగించారు. నెల తర్వాత బోల్టులు చూసి రమ్మని నన్ను పంపితే, రేకు వెనక ప్రతి గుంజకీ ఒక తాటిమొద్దు ఎదురుపోటుగా నిలబెట్టి, తాళ్లతో బిగించి, మొదలు దగ్గర రాళ్లు కూరి ఉంది. చెయ్యి వేసి ఊపితే రేకు కదలలేదు. పొద్దున్నే కాలవ మీద మంచు ఇంకా విడలేదు. ఆ మంచులోంచి ఒక పెద్దాయన వచ్చి, ఎంత గట్టిగా ఉందో చూడమన్నట్టు నవ్వారు.

అంతకుముందు ఏడాది ఆయన మనవడు ఎక్కిన బడి ఆటో ఆ మలుపులోనే కాలవలో పడిందట. పిల్లలందరినీ ప్రాణాలతో బయటికి లాగారట. అప్పట్నుంచి ఆయన రోజూ ఆటో మలుపు దాటేదాకా అక్కడే నిలబడేవారు. కొత్త రేకు చేత్తో నెడితే ఊగుతోందని, సొంత గట్టు మీది తాడిచెట్లు కొట్టించి, తనే దగ్గరుండి ఆ మొద్దులు పెట్టించారు. అంతా విని కూడా, చదువుకున్నదాన్నన్న ధీమాతో అనేశాను.

"ఇవి తీసెయ్యాలండి. ఇలా ఉంటే గుద్దుకున్నవాళ్లు బతకరు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఊగేదాన్ని నమ్ముకుని పిల్లోణ్ణి ఎట్టా పంపమంటావమ్మా?" అన్నారు.

ఫోన్లో వీడియో చూపించాను. మూడుసార్లు చూశారు. ఇంతలో ఆటో వచ్చింది, అంచుకి చాలా దగ్గరగా తిరిగి వెళ్లింది. అది కనుమరుగయ్యాక ఆయన, కుర్రతనంలో విజయవాడ వన్ టౌన్ గోడౌన్లలో బస్తాలు మోశానని, లారీ మీంచి బస్తా వీపు మీద పడేటప్పుడు మోకాళ్లు వంచనివాడికి నడుము విరిగేదని, ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పుకొచ్చారు. కాసేపటికి ఇంటికెళ్లి కొడవలి తెచ్చారు. మనుషుల్ని పిలిపిస్తానన్నా వినలేదు. ఒక్కొక్క తాడే కోసి, మొద్దులు తనే పక్కకి దొర్లించారు. అన్నీ తీశాక రేకుని నెట్టి చూశారు. ఊగింది. దాని మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు నిలబడ్డారు. నేను పని బాగా అయిందన్న సంతోషంతో బస్సెక్కాను.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పు చేశారు, ఆ మలుపే లేదు. నేనూ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. వీడియోల్లో రేకు ఎంత వెనక్కి వంగేదో ఇంకా గుర్తుంది కానీ, ఆ కారులో కూర్చున్న బొమ్మకి అప్పుడు నేనొక ముఖం ఊహించుకోలేదు. ఇప్పుడు ఊహించకుండా ఉండలేను. ఆ పెద్దాయన మళ్లీ ఎదురుపడితే మొద్దులు తీసెయ్యాలన్న ఆ మాట అంత తేలిగ్గా అనగలనా అంటే, అనలేను.

అయినా అనాల్సిందే. తాళ్లు కోసేటప్పుడు మాత్రం నేనూ ఒక చెయ్యి వేస్తాను.