నఫీసా పేరు

చేవెళ్ల రైతుబిడ్డ పూర్ణిమ మొయినాబాద్ ముస్లిం ఆడవాళ్ల చదువుల మీద పరిశోధన చేస్తోంది. ఆమెది ఎడమచేతి వాటం. తెలుగు రాస్తే అరచేతి అంచుకు సిరా అంటేది. పరిశోధన కోసం ఉర్దూ నేర్చుకున్నాక, కుడి నుంచి ఎడమకు సాగే ఆ లిపి తన చేతి కోసమే పుట్టిందనుకుంది. వారం వారం బస్సు దిగి, బట్టలు కుట్టే నఫీసా ఇంటి గడప ముందు చెప్పులు విడిచి, గోడవారన కూర్చునేది. అడగడం తక్కువ, వినడం ఎక్కువ. "చూడు, విను, దేన్నీ మార్చకు" అని యూనివర్సిటీలో సారు చెప్పి పంపారు.

ఆ రోజు నఫీసా మిషను ఆపి, పాత పుస్తకమొకటి తెచ్చి ముందు పెట్టింది. "ఇంట్ల ఉర్దూనే మాట్లాడుత గానీ నేను చదివింది తెలుగు బడి. మా అమ్మ రోజూ చదివిన కితాబు ఇది. నాకు ఒక్క అక్షరం తెల్వది. జర నేర్పుతవా బిడ్డా?" పూర్ణిమకు సారు మాట గుర్తొచ్చింది. కానీ ఇన్నాళ్లూ తన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చిన మనిషి, తిరిగి అడిగింది ఇదొక్కటే. "నా పలుకు మంచిగుండది ఆపా. అక్షరాలు నేను చెప్త, పలుకు నువ్వు దిద్దాలె" అంది. బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దతో, నల్లగుడ్డ ముక్క మీద నఫీసా రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. సాయంత్రానికి తన పేరు కుదిరింది. ఆ గుడ్డ పట్టుకుని గడప దాకా వెళ్లి పక్కింటామెను పిలిచింది. "ఇటు రా, చూడు. ఇది నేనే."